తాత రీడర్‌లో డబ్బాలు

"గిదేందిరా, అన్నీ డబ్బాలే ఉన్నయ్?"

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా తాత అన్న మాట ఇది. సీనియర్ ఒకన్న దగ్గర పాత ఈ-రీడర్ మూడున్నర వేలకు కొని, దాంట్లో తెలుగు పుస్తకం ఎక్కించి, పెద్ద ఘనకార్యం చేసినట్టు ఆయన చేతిలో పెట్టాను. స్క్రీన్ నిండా ఖాళీ చతురస్రాలు. వరుసలున్నాయి, పేరాలున్నాయి, కామాలూ ఫుల్‌స్టాపులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్షరం మాత్రం ఒక్కటి లేదు.

మాది కొల్లూరు. కోహినూర్ దొరికిందని చెప్పే కృష్ణ ఒడ్డు కొల్లూరు కాదు, పటాన్‌చెరు దగ్గరిది, ఔటర్ రింగ్ రోడ్డు పక్కది. 2023లో 15,660 ఇళ్లతో మొదలైన డబుల్ బెడ్రూం కాలనీలో ఉంటాం. తాత పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ముప్ఫై ఏళ్లు షిఫ్టులు చేశాడు. బీడీ మానేశాడు, పేకాట మానేశాడు, చదవడం మాత్రం మానలేదు. షుగర్ వల్ల రెండేళ్ల నుంచి చూపు తగ్గింది. పేపర్లో హెడ్డింగులు మాత్రమే కనిపిస్తాయి. అక్షరం బాగా పెద్దగా ఉంటే చదువుతాడు, లేకపోతే పక్కన పెట్టేస్తాడు. పెద్దక్షరాల తెలుగు పుస్తకాలంటే షాపుల్లో దొరికేవి పిల్లల కథలు. అవి ఇస్తే ఆయనకు కోపం.

ఆయన అడిగింది సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చిన పుస్తకం, 1955లో తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకం. సురవరం 1953లోనే పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ అయిపోతుంది కాబట్టి, నెట్‌లో దించుకోవడం దొంగతనం కాదు. దొరకడం కష్టం కాలేదు. చదివించడమే కష్టమైంది. ఆ నెలన్నరలో ఈబుక్ ఫైళ్ల గురించి నేను నేర్చుకున్నంత డేటా స్ట్రక్చర్స్ గురించి నాలుగు సెమిస్టర్లలో నేర్చుకోలేదు.

మొదట దించింది స్కాన్ చేసిన పీడీఎఫ్. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, మీలో చాలామంది వాడే ఉంటారు. స్కాన్ పీడీఎఫ్ అంటే లోపల ఉండేది ఫొటోలే, అక్షరాలు కావు. ఆరంగుళాల స్క్రీన్ మీద పేజీ మొత్తం పడితే అక్షరం చీమతలంత. జూమ్ చేస్తే వరుస సగంలో తెగుతుంది, ప్రతి వరుసకూ కుడికీ ఎడమకూ లాగాలి. చూపు సరిగా లేని మనిషిని అలా లాగమనడం న్యాయం కాదు.

ఫొటోలోని మాటల్ని ముక్కలుగా కత్తిరించి, పెద్దవి చేసి మళ్లీ పేర్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇంగ్లీషు పుస్తకాలకు ముచ్చటగా పనిచేస్తాయి. వరుసకూ వరుసకూ మధ్య తెల్లటి ఖాళీ చూసి కోస్తాయి కదా, మనకు ఆ ఖాళీ ఎక్కడిది? పై వరుస ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడులు పైకి లేస్తాయి. నా పుస్తకంలో రెండు వరుసలు అతుక్కున్నచోట రెంటినీ కలిపి ఒకే మాట అనుకుంది. కొన్నిచోట్ల ఒత్తుల్ని విడదీసి వేరే వరుసగా వేసింది. వట్టి ఒత్తుల వరుస! దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నా.

రెండోసారి వికీసోర్స్‌కు వెళ్లాను. అక్కడ వాలంటీర్లు స్కాన్ చూసి పుస్తకాన్ని టైపు చేస్తారు, పేజీ పైనున్న డౌన్‌లోడ్ నొక్కితే ఈపబ్ వస్తుంది. ఈపబ్ అంటే పెద్ద రహస్యం ఏమీ కాదు. ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరవండి, చిన్న వెబ్‌సైట్ ఒకటి బయటపడుతుంది. అధ్యాయానికో వెబ్‌పేజీ, అలంకారానికో స్టైల్ ఫైలు, ఏది ముందు ఏది వెనక అని చెప్పే జాబితా. అంతే. 2007లో పద్ధతిగా స్టాండర్డ్ అయింది, 2011లో మూడో వెర్షన్ వచ్చింది, ఇప్పుడు వెబ్ స్టాండర్డ్లు చూసే డబ్ల్యూ3సీ చేతిలో ఉంది. వెబ్‌పేజీ కాబట్టి అక్షరం సైజు పెంచితే వరుసలు తమంతట తామే సర్దుకుంటాయి. తాతకు కావలసింది ఇదే అనుకున్నా. ఆ ఈపబ్బే డబ్బాలు చూపించింది.

ఎందుకని? ఇక్కడ కాస్త ఆగి చూద్దాం, మిగతా చిక్కులన్నీ దీని దగ్గరే పుట్టాయి.

ఈపబ్‌లో అక్షరాల బొమ్మలుండవు. నంబర్లుంటాయి. 'శక్తి' అనే మాట ఫైల్లో ఐదు నంబర్లు: శ, క, పొల్లు, త, గుడి. మనం రాసేటప్పుడు ఏం చేస్తాం? శ రాస్తాం, క రాసి దాని నెత్తిన గుడి పెడతాం, కింద త ఒత్తు ఇస్తాం. ఫైల్లో మాత్రం గుడి త తర్వాత ఉంటుంది, కాగితం మీద క పైకి ఎక్కుతుంది. త తన మామూలు రూపం వదిలేసి ఒత్తుగా మారి కిందికి పోతుంది. క తలకట్టు ఊడిపోతుంది. ఇంత మార్పిడి ఎవరో చెయ్యాలి. పీడీఎఫ్‌లో అయితే ఆ పని పుస్తకం తయారు చేసినవాళ్ల కంప్యూటర్ ముందే చేసి, ఫలితాన్ని గడ్డకట్టించి పంపుతుంది. అందుకే పీడీఎఫ్‌లో అక్షరం చెడదు, సైజుకు తగ్గట్టు వరుసలూ మారవు. ఈపబ్ ఆ పనిని చదివేవాడి చేతిలోని యంత్రానికి వదిలేస్తుంది. యంత్రానికి పని తెలిస్తే సరే సరి, తెలియకపోతే మన గతి అధోగతి.

ఆ పనికి రెండు వస్తువులు కావాలి. ఒకటి ఫాంటు. ఆ నంబరుకు బొమ్మే లేకపోతే యంత్రం ఖాళీ డబ్బా గీస్తుంది. ప్రపంచమంతా వీటిని టోఫు అంటారు, గూగుల్ 'నోటో' ఫాంట్ల పేరే 'నో టోఫు' లోంచి వచ్చింది. తాతకు కనబడినవి ఇవే. నా రీడర్‌లో తెలుగు ఫాంటు లేదు.

సరే, మండలి ఫాంటు తెచ్చి వేశాను. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలో ఇదొకటి. డబ్బాలు పోయాయి. ఇక తాత గట్టిగా చదవడం మొదలుపెట్టాడు: "శక్‌తి... పుస్‌తకం... అమ్‌మ..." ఒకటో తరగతి పిల్లాడు కూడబలుక్కుంటున్నట్టు. ఆగి, అద్దాలు తుడుచుకుని, "నాకు కండ్లు పోయినయా, దీనికి చదువు రాదా?" అన్నాడు.

దానికే చదువు రాదు. కావలసిన రెండో వస్తువు షేపింగ్ ఇంజిన్. పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తుగా మార్చు, గుడిని వెనక్కి తెచ్చి మొదటి హల్లు మీద కూర్చోబెట్టు, అని నంబర్ల వరుసను చూసి బొమ్మల వరుసగా మార్చేది ఇదే. సూత్రాలు కొన్ని ఇంజిన్‌లో ఉంటాయి, కొన్ని ఫాంటు లోపలి పట్టికల్లో ఉంటాయి. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ వాడేది హార్ఫ్‌బజ్ అనే ఒకటే ఇంజిన్. 'ఓపెన్ టైప్' అనే మాటకు పర్షియన్ అట ఆ పేరు. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు బాగా కనిపిస్తుంటే దాని చలవే. నా రీడర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజిన్ సాయం లేకుండా నంబరుకో బొమ్మ చొప్పున వరుసగా అంటించుకుంటూ పోతోంది. ఇంగ్లీషుకు అది చాలు. కంపెనీ పేరు చెప్పను, తెలుగు చూపిస్తామని వాళ్లు ఎక్కడా మాట ఇవ్వలేదు కూడా.

గుర్తు పెట్టుకోండి: డబ్బాలొస్తే ఫాంటు లేదు. పొల్లులొస్తే ఇంజిన్ లేదు. గీతల చుక్కల సున్నా ఒకటి అక్షరం పక్కన కనిపిస్తే ఇంజిన్ ఉంది, కానీ ఎవరో అక్షరాన్ని మధ్యలో కోశారు. ఈ మూడోది నాకు అధ్యాయం మొదట్లో కనబడింది. ఇంగ్లీషు పుస్తకాల్లో మొదటి అక్షరాన్ని పెద్దగా వేస్తారు కదా, ఆ స్టైల్‌ను ఎవరో తెలుగుకూ పెడతారు. 'శ్రీ'తో మొదలైన పేరాలో పాత సాఫ్ట్‌వేర్ మొదటి నంబరును, అంటే వట్టి శ ను తీసి పెద్దది చేస్తుంది. రావత్తూ దీర్ఘమూ అనాథలై చుక్కల సున్నాను పట్టుకుని వేలాడతాయి. ఆ స్టైల్ వరుసను తీసేయడమే మందు.

చివరికి దారి చూపింది కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. చాలా రకాల రీడర్ల మీద, ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది, లోపల హార్ఫ్‌బజ్ ఉంది. ఎక్కించగానే బాగైపోయిందని చెప్పాలనుంది కానీ కాలేదు. ఫాంటు మెనూలో కెర్నింగ్ అనేచోట ఆఫ్, ఫాస్ట్, గుడ్, బెస్ట్ అని ఉంటాయి. నా దాంట్లో 'గుడ్' మీద ఉండింది. గుడ్ అంటే బాగున్నట్టే కదా అని దాని జోలికి పోలేదు, రెండ్రోజులు మిగతావన్నీ తిప్పాను. 'గుడ్'లో హార్ఫ్‌బజ్‌ను సగమే వాడుకుంటుందట, వేగం కోసం. పూర్తి షేపింగ్ 'బెస్ట్'లోనే. మార్చగానే 'శక్‌తి' కాస్తా 'శక్తి' అయింది. రాత్రి పదకొండున్నరకు తాతను లేపి చూపించాను. తిట్టాడు, చదివాడు.

ఇంకో అనుభవం కూడా చెప్పేస్తా, మీలో ఎవరైనా ఈపబ్ తయారు చేస్తే పనికొస్తుంది. ఫాంటును పుస్తకంలోనే పెట్టి పంపొచ్చు, అప్పుడు చదివేవాళ్ల యంత్రంలో ఫాంటు లేకపోయినా ఫరవాలేదు. సైజు తగ్గిద్దామని ఒక ఆన్‌లైన్ టూల్‌లో వాడని అక్షరాలన్నీ తీసేశాను. ఫైలు చిన్నదైంది, ఒత్తులన్నీ మాయం. ఒత్తుకు యూనికోడ్‌లో సొంత నంబరు లేదు మరి. త కు నంబరుంది, త ఒత్తుకు లేదు. అది ఫాంటు లోపల పేరులేని బొమ్మగా ఉంటుంది, షేపింగ్ సూత్రం ద్వారానే దాన్ని చేరుకోగలం. నంబర్ల జాబితా చూసి కోసే టూల్‌కు అది చెత్తలా కనబడింది.

మోబి గురించి పొడిగా. మోబిపాకెట్ అనే ఫ్రెంచ్ కంపెనీది ఆ ఫార్మాట్, 2005లో అమెజాన్ కొన్నది. పాత మోబిలో ఫాంటు పెట్టి పంపే వీలే లేదు. 2011లో వచ్చిన కొత్త రూపంలో వీలైంది. 2022 నుంచి కిండిల్‌కు ఈపబ్‌నే పంపొచ్చు, కాబట్టి ఎవరైనా మీకు మోబి ఇస్తే ఈపబ్ ఉందా అని అడగండి. 2016 డిసెంబర్‌లో కిండిల్ పుస్తకాలు ఐదు భారతీయ భాషల్లో మొదలయ్యాయి: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ జాబితా చదివినప్పుడు తాత ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

అక్షరం కుదిరాక అసలు చదువు మొదలైంది, దాంతోపాటు చిల్లర తగాదాలూ. పెద్దక్షరాల్లో 'రాష్ట్రం' లాంటి మాట వస్తే ష కింద ట, దాని పక్కన రావత్తు. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు లెక్కన పెట్టి ఉండటంతో ఒత్తుల కాళ్లు తెగిపోయాయి. ఎడాన్ని ఒకటిన్నర రెట్లకు పెంచితే సర్దుకుంది. రెండు అంచులూ సమానంగా ఉండే జస్టిఫై కూడా తీసేశా. మన మాటలు పొడవు, పెద్ద సైజులో వరుసకు మూడు మాటలు పడితే ఎక్కువ. వాటిని అంచుల దాకా సాగదీస్తే మధ్యలో లారీ పట్టేంత సందు. మాటను అక్షరం దగ్గర విరిచి కింది వరుసకు పంపే పద్ధతి తెలుగుకూ రాసిపెట్టి ఉంది, అయితే ఈ పుస్తకం తెలుగు అని ఫైల్లో భాష దగ్గర రాసి ఉంటేనే ఏ సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని వాడగలిగేది. చాలా తెలుగు ఈపబ్‌లలో అక్కడ ఇంగ్లీషు అని ఉంటుంది. తయారు చేసినవాళ్లు ఆ గడి చూడరు.

వెతకడం ఇంకో కథ. తాత ఏదో మాట వెతకమన్నాడు, కళ్లెదుటే ఉన్నా 'దొరకలేదు' అంది. చూస్తే పుస్తకంలో సున్నా బదులు తెలుగు అంకె సున్న ఉంది. అనుస్వారం, తెలుగు సున్న అంకె, ఈ రెండూ చాలా ఫాంట్లలో కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేరు నంబర్లు. ఫొటోలోంచి అక్షరాలు గుర్తించే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ వీటిని తారుమారు చేస్తే, దిద్దేవాళ్ల కంటికి ఎలా దొరుకుతుంది?

కనబడని అక్షరం ఇంకోటుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట్ తర్వాత వే ఒత్తుగా పడకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతాం. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. కొన్ని పాత రీడర్లు దాన్ని కూడా డబ్బాగా చూపిస్తాయి, కొన్ని కన్వర్టర్లు చెత్త అనుకుని తుడిచేస్తాయి. ఆ చిన్న గుర్తు ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. జ, పొల్లు, ఞ, ఆ అదృశ్య గుర్తు, దీర్ఘం, ఈ ఐదూ ఈ వరుసలో వస్తే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ ఆ నెల 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. 'జ్ఞానం' మొదటి అక్షరాన్ని గీయలేక యాప్‌లు కూలాయని అప్పట్లో జోకులు. నాకైతే జోకు కాదు, తాత రీడర్‌లో జరిగిందీ ఆ జాతి తప్పే, కాకపోతే ఇక్కడ ఏదీ కూలలేదు, వార్త రాలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన పత్రిక ఇన్నాళ్లూ పీడీఎఫ్‌గానే వస్తోంది, ఏఫోర్ సైజు, పేజీకి రెండు కాలమ్‌లు. లేఔట్ అందంగా ఉంటుంది, చేసేవాళ్ల కష్టం నాకు తెలుసు. కానీ మనమంతా చదివేది ఫోన్‌లో. ఒక కాలమ్ కిందిదాకా దిగి, మళ్లీ పైకెక్కి రెండో కాలమ్. తాతకు పీడీఎఫ్ ఇచ్చినప్పుడు ఏం జరిగిందో మనకూ అదే జరుగుతోంది, కళ్లు బాగున్నాయి కాబట్టి ఓర్చుకుంటున్నాం.

అది చాలదన్నట్టు, పోయిన సంచికలోని ఒక కవితను స్నేహితుడికి పంపుదామని కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ డాలర్ గుర్తులూ పడ్డాయి. డీటీపీలో వాడే పాత ఫాంట్ల మహిమ అది. యూనికోడ్ రాకముందు పద్ధతిలో చేసిన ఫాంట్లలో, ఇంగ్లీషు అక్షరాల నంబర్లకే తెలుగు ముక్కల బొమ్మలు తొడుగుతారు. కంటికి తెలుగు, ఫైల్లో ఇంగ్లీషు గజిబిజి. అలాంటి పీడీఎఫ్‌ను కాలిబర్‌లో ఈపబ్‌గా మార్చినా ఆ గజిబిజే వస్తుంది. గూగుల్‌కు దొరకదు. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది తెలుగే కాదు. మన రచనలు నెట్‌లో ఉన్నాయని అనుకుంటున్నాం, ఉన్నవి వాటి బొమ్మలు.

పీడీఎఫ్ మానేద్దామని ఎడిటర్లతో గొడవ పెట్టుకున్నా, నెగ్గలేదు. బొమ్మలూ పద్యాల అమరికా పీడీఎఫ్‌లోనే నిలుస్తాయన్న వాళ్ల మాటా తప్పు కాదు. రాజీ ఏంటంటే, వచ్చే సంచిక రెండు రకాలుగా వస్తుంది, ఈపబ్ నేను చేస్తా. కాబట్టి రచనలు యూనికోడ్‌లో పంపండి, వాట్సాప్‌లో టైపు చేసినా చాలు. స్క్రీన్‌షాట్లు వద్దు. సున్నా కోసం జీరో నొక్కొద్దు, ఇద్దరు నొక్కుతున్నారు, పేర్లు చెప్పను.

తాత ఇప్పుడు నాలుగో ప్రకరణంలో ఉన్నాడు. పొద్దున బాల్కనీలో కూర్చుని, పేజీకి పదిహేను ఇరవై మాటలు పడేంత సైజులో చదువుతాడు, పేజీ తిప్పడమే పెద్ద ఎక్సర్‌సైజ్. మొన్న ఫోన్ చేసి కొత్త ఫిర్యాదు చెప్పాడు. మాట మీద వేలు పెడితే అర్థం వస్తుందని నేనే చెప్పాను, నిఘంటువు కూడా వేసిచ్చాను. రావట్లేదట. ఎలా వస్తుంది, నిఘంటువులో 'అంగడి' ఉంటుంది, పుస్తకంలో 'అంగళ్లలోనుంచి' ఉంటుంది. ఆ రెండూ ఒకటేనని ఆ యంత్రానికి ఎవరు చెప్పాలి? ఇంగ్లీషుకైతే చివరి అక్షరం కొట్టేసి మళ్లీ వెతుకుతుంది, మనకు డి కాస్తా ళ్ల అయి కూర్చుంది. ఇదంతా వివరిస్తుంటే తాత మధ్యలో ఆపాడు.

"గదంత ఇడిసిపెట్టు బిడ్డా. గీ మాటకు అర్థం నువ్వు చెప్పు."

చదివి వినిపించాడు. నాకూ తెలీదు. ఆదివారం ఇంటికెళ్లేటప్పుడు లైబ్రరీ నుంచి అచ్చు నిఘంటువు పట్టుకెళ్తున్నా.